పడుకోవాల్సిన సీసాలు

జనవరి 20

కాలేజీకి ఇవ్వాల్సిన ఇంటర్న్‌షిప్ రిపోర్టు ఇంగ్లీషులో ఉండాలట. నాకు నచ్చిన మాటలు వేటికీ అందులో చోటు లేదు. వాటి కోసం ఈ నోటుబుక్కు కొన్నాను. నిజాలు రిపోర్టులో రాస్తాను, మిగతావి ఇందులో.

మా క్లాసులో అందరికీ బిస్కట్ కంపెనీలు, ల్యాబులు వచ్చాయి. నాకు యాజులు గారి నేరేడు వైన్ వచ్చింది. బలిఘట్టం వెళ్ళే దారిలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో ఆరు డ్రమ్ములు. గోడకి లైసెన్సు ఫ్రేము కట్టి ఉంది, పక్కనే సరస్వతీదేవి. ఇంట్లో 'పండ్ల ప్రాసెసింగ్' అని చెప్పాను. అబద్ధం కాదు. అమ్మ పక్కింటివాళ్ళకి 'జ్యూస్ ఫ్యాక్టరీ' అని చెప్పింది. అదీ అబద్ధం కాదు. జూలైలో అది జ్యూసే.

యాజులు గారు ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. మందు ముట్టరు. వైన్ రుచి చూడాలంటే ఒక చెంచా నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, తొట్లో ఉమ్మేసి, మూడుసార్లు పుక్కిలించి, నల్లబోర్డు మీద మార్కులు వేస్తారు. ఇప్పటివరకూ ఏ డ్రమ్ముకీ అరవై రెండు దాటలేదు.

"క్లాసులోనూ అంతేనమ్మాయ్. ఎనభై వేస్తే పాడైపోతారు" అన్నారు.

వైన్ తయారైపోయింది. సీసాకి ఏం పెట్టాలో తేలలేదు. కార్కా, మర మూతా? అది తేల్చడమే నా ప్రాజెక్టు. ఫిబ్రవరి 20న విశాఖ బీచ్ రోడ్డు హోటల్ నుంచి మేనేజరు వస్తారు. ఆయనకి నచ్చితే ఆరు వందల సీసాల ఆర్డరు. నచ్చకపోతే నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యాలి. షెడ్డు యజమాని చిట్టిరాజు గారు ఇక్కడ పేపరు ప్లేట్ల మిషను పెట్టుకుంటారట. ఈరోజే టేపు పట్టుకొచ్చి కొలిచారు. నేను నిలబడ్డ చోటు కూడా కొలవాలని నన్ను పక్కకి జరగమన్నారు.

జనవరి 22

బిరడా.

ఈ మాట ఇవాళే దొరికింది. యాజులు గారి అక్కగారు దుర్గాంబ గారు నాసిక్ నుంచి వచ్చిన శాంపిల్ కార్కుని వేళ్ళతో నొక్కి చూసి, "మన చిన్నప్పటి అత్తరు సీసా బిరడాలా లేదుట్రా" అన్నారు. పదిసార్లు పలికి చూశాను. 'బి' దగ్గర పెదాలు మూసుకుంటాయి, 'డా' దగ్గర తెరుచుకుంటాయి. సీసా చేసే పనే.

ప్రయోగం మొదలుపెట్టాం. కార్కు బిగించిన సీసాలు పన్నెండు, మర మూత పెట్టినవి పన్నెండు. మర మూతవి నిలబెట్టాలి. కార్కువి పడుకోబెట్టాలి. వైన్ తగులుతూ ఉంటే కార్కు తడిగా, ఉబ్బి, గాలి చొరకుండా ఉంటుంది. నిలబెడితే ఎండి కుంచించుకుపోతుంది. కార్కు ఒక చెట్టు బెరడు. ఆ చెట్లు పోర్చుగల్‌లో ఉన్నాయి. పోర్చుగల్ గురించి ఇంకా చాలా చదివాను.

నేను ఏ పక్షమూ కాదు. ఇది స్పష్టంగా రాసుకుంటున్నాను. అయితే 'బిరడా' పక్కన 'మూత' అనే మాట కాస్త చప్పగా ఉంది.

జనవరి 24

షెడ్డు తెరిచేసరికి పన్నెండు కార్కు సీసాలూ నిలబడి ఉన్నాయి.

లోవమ్మ గారు పండ్లు కడగడం దగ్గర్నుంచి సీసాలు కడగడం దాకా ఇక్కడ అన్నీ చేస్తారు. రోలుగుంట అవతల కొండ కింద వాళ్ళ ఊరు. నేరేడు పండ్లు ఏరి తెచ్చేదీ ఆవిడ మనుషులే. ప్లేట్ల మిషనుకి ఒక్క మనిషి చాలట. ఆ మనిషి చిట్టిరాజు గారి బావమరిది. అంటే ఇరవయ్యో తారీకు ఆవిడకీ పరీక్షే.

"సీసాలు పడిపోనాయి కదమ్మా, నిలబెట్టేసినాను" అన్నారు లోవమ్మ గారు.

పడిపోలేదని, పడుకోబెట్టామని చెప్పాను. కార్కు, తడి, పోర్చుగల్ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"ఓలమ్మ, అంత కతుందా" అన్నారు.

జనవరి 25

నిలబడి ఉన్నాయి.

ఈసారి దుర్గాంబ గారు. "పొద్దున్నే పాలవాడు తొంగి చూశాడమ్మా. వరసగా పడి ఉన్న సీసాలు చూస్తే ఏమనుకుంటాడు? రాత్రి ఇంటిల్లిపాదీ తాగి పారేశారనుకోడూ?"

"అవి నిండు సీసాలండీ. మూతలు కూడా తియ్యలేదు."

"గేటు దగ్గర్నుంచి నిండో ఖాళీయో ఎలా తెలుస్తుంది? పడి ఉన్నది మాత్రం తెలుస్తుంది."

జనవరి 26

పడుకోబెట్టాను.

జనవరి 27

నిలబడి ఉన్నాయి. ఎవరు అని అడగలేదు. ఇద్దరూ ఒకేసారి పెరట్లోకి వెళ్ళిపోయారు.

పరిశీలన పట్టికలో 'అడ్డంగా ఉన్నాయి' అని రాశాను. నేను నిన్న వెళ్ళేటప్పటికి అడ్డంగానే ఉన్నాయి కాబట్టి ఇది నిజమే.

జనవరి 28

రాజీ కుదిరింది. సీసాలు పడుకునే ఉంటాయి, పైన యాజులు గారి పాత పంచె కప్పుతాం. ఇప్పుడు ఆ మూల జనరల్ వార్డులా ఉంది. పాలవాడు తొంగి చూసి, ఎవరికి బాగాలేదని అడిగాడట.

జనవరి 29

ఆర్టీసీ కాంప్లెక్సులో సర్వే చేశాను. చేతిలో రెండు సీసాలు, సంచిలో ప్రశ్నాపత్రం. మొత్తం ఇరవై మందిని అడిగాను.

మర మూత సీసా చూసి కుర్రవాళ్ళంతా "క్వార్టరా?" అన్నారు. పెద్దవాళ్ళంతా "దగ్గు మందా?" అన్నారు. కార్కు సీసా చూసి ఒకావిడ, "ఏజెన్సీ తేనె కదూ, పాకం కలపలేదు కదా?" అని రెండు సీసాలు ఇమ్మంది. నా దగ్గర ఆ ప్రశ్నకి గడి లేదు. 'ఇతరములు'లో వేశాను.

చింతపల్లి బస్సు కోసం కూర్చున్న ఒక తాతగారు రెండు సీసాలూ చాలాసేపు చూసి, "లోపల ఏటుందో సెప్పకుండా మూత సంగతి అడుగుతావేటమ్మా" అన్నారు. ఇదీ ఇతరములే.

ఇంటికి వచ్చేసరికి నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. నేను బస్టాండులో సీసాలు పట్టుకుని తిరుగుతున్నట్టు ఆఫీసుకి మూడు ఫోన్లు వెళ్ళాయట. ప్రశ్నాపత్రం చూపించాను. చదివి, చివర సంతకం పెట్టే చోట సంతకం పెట్టేశారు. మొత్తం ఇరవై ఒక్క మంది.

జనవరి 31

ఈరోజు కార్కు తెరవడం. సంత నుంచి తెచ్చిన ఓపెనరు మొదటి సీసాకే వంగిపోయింది. తర్వాత స్క్రూ డ్రైవరు. కార్కు సగం ముక్కలై సగం మిగిలింది. లోవమ్మ గారు సీసా అడుగుకి చెప్పు ఆన్చి గోడకేసి కొట్టారు. గోడ పెచ్చు ఊడింది. దుర్గాంబ గారు పచ్చడి బండ తెచ్చి, "పైకి రానిది లోపలికి పోతుందేమో చూడండి" అన్నారు. యాజులు గారు బండతో ఒక్కటి వేశారు. కార్కు లోపలికి పోయింది. ఆ మేరకు వైన్ బయటికి వచ్చింది.

నేరేడు మరక పోదు. ఆయన తెల్ల చొక్కా మీద ఇప్పుడు పోర్చుగల్ మ్యాపు లాంటిది ఉంది. నిజంగా పోలిక ఉంది, పోల్చి చూశాను.

"అంటే మర మూతేనా అమ్మాయ్?" అన్నారు సార్.

అది తొందరపాటు నిర్ణయం అవుతుందన్నాను. కార్కు మన దగ్గర దొరకదు, తెరవడం ఎవరికీ రాదు. నిజమే. కానీ బిరడా అంటే కార్కే ఎందుకవ్వాలి? చేత్తో పట్టుకుని తీసేలా తల ఉన్న చెక్క బిరడా ఉండకూడదా? ఇక్కడికి దగ్గర్లోనే లక్క బొమ్మలు చేసే ఊరు ఉంది కదా.

ఈ ఆలోచన నాదే. ఎక్కడా చదివింది కాదు.

ఫిబ్రవరి 1

ఏటికొప్పాక వెళ్ళాను. అవసరమై వెళ్ళాను.

అడ్డరోడ్డులో దిగి ఆటో ఎక్కాను. అంకుడు కర్ర లేత్ మిషను మీద గిర్రున తిరుగుతుంటే దానికి లక్క కడ్డీ ఆన్చుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. పసుపు కొమ్ముల్లోంచి పసుపు, జాఫ్రా గింజల్లోంచి ఎరుపు. చివర మొగలి ఆకు ఆన్చితే మెరుపు. అంకుడు, లక్క, జాఫ్రా, మొగలి. ఒక్క పూటలో నాలుగు మాటలు.

మిషను దగ్గర ఉన్నతని పేరు మారుతి. వాళ్ళ నాన్నగారి పని ఇప్పుడు ఇతనే చూస్తున్నాడు. నాకంటే మూడునాలుగేళ్ళు పెద్ద అయ్యుంటాడు. ఇది ప్రయోగానికి సంబంధం లేని వివరం.

నా ఆలోచన అంతా వివరించాను. "సీసాలో ఏటి పోస్తారండి?" అని అడిగాడు. నేరేడు వైన్, పన్నెండు శాతం అని చెప్పాను. మిషను ఆపేశాడు.

"మేడమ్, ఒక్క మాట సెప్తానండి, లక్క ఉంది సూడండి..."

లక్క గురించి తర్వాత మాట్లాడుకుందామని, ముందు బిరడా అంటే ఏమిటో అర్థం కావాలని, పోర్చుగల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చాలా ఓపికగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఏదో అనబోయాడు. అడ్డు రాకుండా ఆగాడు. మంచి మర్యాద.

రాజు తల ఉన్నవి మూడు, రాణి తల ఉన్నవి మూడు చేసిస్తానన్నాడు. సీసా గొంతులోకి దిగే కాడకి కూడా లక్క వెయ్యమని నేనే చెప్పాను. నున్నగా ఉంటే గాలి చొరబడదు కదా.

ఫిబ్రవరి 3

ఏటికొప్పాక వెళ్ళాను. సీసా గొంతు కొలత ఇవ్వడానికి. ఫోనులో చెప్పవచ్చు కానీ కొలతలు తప్పు వినబడే ప్రమాదం ఉంది.

ఫిబ్రవరి 4

బిరడాలు వచ్చాయి. రాజుకి ఎర్ర కిరీటం, చిన్న మీసం. రాణికి పసుపు ముఖం, నల్ల కొప్పు. దుర్గాంబ గారు కొంగుతో తుడిచి తుడిచి చూశారు. యాజులు గారు బోర్డు మీద ఎనభై వేసి, చెరిపి, డెబ్భై ఎనిమిది వేశారు.

ఆరు సీసాలకీ బిగించాం. బిరడా కాబట్టి పడుకోబెట్టాలి. రాజు, రాణి, రాజు, రాణి, రాజు, రాణి. పైన పంచె కప్పాను. లోవమ్మ గారూ దుర్గాంబ గారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఫిబ్రవరి 6

పంచె ఎత్తకుండా తడిమి లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి. మాటిమాటికీ వెలుతురు తగలకూడదు. పట్టికలో 'అడ్డంగా ఉన్నాయి' అని రాశాను. ఎవరూ నిలబెట్టడం లేదు. చివరికి వైజ్ఞానిక దృష్టి అలవడింది.

ఫిబ్రవరి 9

ఏటికొప్పాక వెళ్ళాను. మొగలి ఆకు గురించి ఒక సందేహం ఉండి.

ఫిబ్రవరి 12

ఆరు ఉన్నాయి. అడ్డంగా.

ఏటికొప్పాక వెళ్ళలేదు. సందేహాలేవీ మిగల్లేదు. ఈ పేజీ ఇంకా నింపాలి కానీ రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 14

సందేహం వచ్చింది. వెళ్ళాను. దారిపొడుగునా ఆటోలు పూలతో ఉన్నాయి, ఎందుకో తర్వాత అర్థమైంది. మారుతి నన్ను చూసి ఏమిటి పనన్నాడు. లక్క ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. "పురుగు నుంచండి" అన్నాడు. ఇద్దరం కాసేపు లేత్ మిషను వైపు చూశాం.

ఫిబ్రవరి 18

రిపోర్టు అయిపోయింది. పద్నాలుగు పేజీలు. నా సిఫారసు: ఏటికొప్పాక బిరడా. నేను పక్షపాతం లేకుండానే ఈ నిర్ణయానికి వచ్చాను. మేనేజరు ముందు చెయ్యాల్సిన ప్రసంగం కూడా రాసుకున్నాను. అందులో 'సంప్రదాయం' నాలుగుసార్లు ఉంది, రెండు తీసేశాను.

చిట్టిరాజు గారు వచ్చి ప్లేట్ల మిషను కరెంటు కనెక్షన్ ఎక్కడ పెట్టాలో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టుకుని వెళ్ళారు. లోవమ్మ గారు ఆ గుర్తు చూస్తూ చాలాసేపు చీపురు పట్టుకుని నిలబడ్డారు. సార్ చూడనట్టు బోర్డు తుడిచారు.

ఫిబ్రవరి 20

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేనేజరు ఉమామహేశ్వరరావు గారు పదకొండింటికి వచ్చారు. బూట్లు విప్పాలా అని అడిగిన మొదటి మనిషి. దుర్గాంబ గారికి వెంటనే నచ్చేశారు. బిరడాలు చేసినవాడు కాబట్టి మారుతి కూడా వచ్చాడు. చిట్టిరాజు గారు పిలవకుండానే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, జేబులోంచి టేపు కొంచెం కనబడుతూ.

నేను పంచె కిందికి చెయ్యి పెట్టి ఒక రాజు సీసా తీశాను. ప్రసంగం చేశాను. సీసా మేనేజరు గారి చేతికిచ్చాను.

ఆయన లాగారు. రాలేదు. తిప్పి లాగారు. రాలేదు. "బాగా టైటుగా చేశారండీ" అన్నారు మర్యాదగా. యాజులు గారు సీసా పట్టుకుంటే ఆయన బిరడా పట్టుకున్నారు. ఇద్దరూ చెరోవైపు లాగారు. టక్కుమంది. మేనేజరు గారి చేతిలోకి రాజుగారి తల వచ్చింది. మిగతా రాజుగారు సీసాలోనే ఉన్నారు.

గొంతు చుట్టూ ఎర్రగా, బంకగా ఏదో. ఇంకో సీసా తీశాను. రాణి. ఆవిడ ముఖం మీది పసుపు సీసా లోపలికి పాకింది. ఇంకో సీసా. అదీ అంతే. మొత్తం నాలుగు. ఆ పక్కన చెయ్యి పెడితే రెండు సీసాలు దొరికాయి. పంచె తీసి చూశాను. వాటికి బిరడాలే లేవు. దుర్గాంబ గారి ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసాలు.

నేను మారుతి వైపు చూశాను.

"లక్క స్పిరిట్‌లో కరుగుద్దండి" అన్నాడు నెమ్మదిగా. "సెక్క బీరువాలకి పాలిష్ అలాగే సేస్తారు. వైన్‌లో కూడా ఆ సరుకే కదండీ. అన్ని రోజులు తడిలో ఉంటే మెత్తబడి గాజుకి అతుక్కుపోద్ది, కర్ర కూడా ఉబ్బుద్ది. ఆవేళ సెప్దామనే మిషను ఆపినాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అప్పటికే పోర్చుగల్‌లో ఉన్నారండి."

సార్ బోర్డు దగ్గరికి వెళ్ళారు. 'పన్నెండు శాతం. పదహారు రోజులు. పడుకోబెట్టి' అని రాసి కింద గీత గీశారు. ఆ మూడో మాట నాది. గేటు దగ్గర చిట్టిరాజు గారు గొంతు సవరించుకున్నారు. మేనేజరు గారు రాజుగారి తలని ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు లోవమ్మ గారు, "మంచివి ఇంకో రెండున్నాయి కదమ్మా. తెత్తానుండు" అని వంటింట్లోకి వెళ్ళారు. ఒక రాజు సీసా, ఒక రాణి సీసా తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. రంగు చెదరలేదు.

"ఇవి ఎక్కడున్నాయండీ?"

లోవమ్మ గారు దుర్గాంబ గారిని చూశారు. దుర్గాంబ గారు సరస్వతీదేవిని చూశారు.

"తెల్ల పంచె కప్పి, రాజునీ రాణినీ పక్కపక్కన పడుకోబెడితే ఎలా ఉంటుందమ్మా? ఇంట్లో రెండు శవాలున్నట్టు లేదూ? నాకు ముద్ద దిగలేదు" అన్నారు దుర్గాంబ గారు. "అన్నీ తీసేస్తే నువ్వు ఊరుకోవు. కనీసం ఒక్క జంటనైనా లేపుదామని నేనే లోవమ్మకి చెప్పాను."

"నువ్వు లెక్కెట్టుకుంటావు కదమ్మా, మరందుకే నీళ్ళ సీసాలెట్టేను" అన్నారు లోవమ్మ గారు. "నాలుగో తారీకు సాయంత్రమే తీసేసినాను. అప్పట్నుంచీ బియ్యం డబ్బా పక్కన సుబ్బరంగా నిలబడి ఉన్నాయి."

మేనేజరు గారు రెండు వేళ్ళతో రాజుగారి కిరీటం పట్టుకుని తీశారు. చిన్న చప్పుడు చేసి వచ్చేసింది. గ్లాసులో పోశారు. వాసన చూశారు. నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. మేమందరం ఆయనకి తొట్టి కనబడేలా పక్కకి జరిగాం.

ఆయన మింగేశారు.

ఆ షెడ్డులో ఒక మనిషి వైన్ మింగడం ఇదే మొదటిసారి. "మింగేసినారు" అని లోవమ్మ గారు నా చెవిలో అన్నారు. ఆయన ఇంకోసారి పోసుకుని అదీ మింగారు.

"బావుందండీ. నేరేడు వగరు నాలిక మీద అలాగే ఉంది. ఆరు వందలు పంపండి" అన్నారు. "కానీ నాకు మర మూతే కావాలి."

నా దగ్గర పద్నాలుగు పేజీలు ఉన్నాయని చెప్పాను. ఆయన తీసుకుని అట్ట చూశారు.

"అమ్మా, మా వెయిటర్లు ఒక్కో కార్కుకి పది నిమిషాలు కుస్తీ పడతారు. మొన్న ఒక రిసెప్షన్‌లో కార్కు ఎగిరి పెళ్ళికొడుకు పెరుగన్నంలో పడింది. మర మూతైతే గొడవ లేదు. ఒక్క తిప్పు." తర్వాత చేతిలోని తల వైపు చూశారు. "ఈ రాజుని మాత్రం వదులుకోవాలని లేదు."

"వొదలడమెందుకు బాబూ" అన్నారు లోవమ్మ గారు. "మూత మీద టోపీలాగెట్టెయ్యండి. లోపల సరుకు తగల్దు. సీసా నిలబడే ఉంటాది."

మారుతి అప్పటికే ఒక మర మూతని చేతిలో తిప్పి చూస్తున్నాడు. మూడు వందల రాజులు, మూడు వందల రాణులు. వేసవి దాకా పని.

చిట్టిరాజు గారు టేపు పూర్తిగా జేబులోకి తోసుకున్నారు. వెళ్తూ వెళ్తూ మనవడికని ఒక రాజుని అడిగారు. తెగిన తలనే ఇచ్చాం.

అందరూ వెళ్ళాక యాజులు గారు చెంచాలో వైన్ పోసుకుని నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నిలబడ్డారు. తొట్టి వైపు వెళ్ళలేదు. తర్వాత బోర్డు మీద అరవై మూడు వేశారు.

ఫిబ్రవరి 22

రిపోర్టు మళ్ళీ రాశాను. ఈసారి తొమ్మిది పేజీలు వచ్చింది. పరిశీలన పట్టికలో 'అడ్డంగా ఉన్నాయి' అన్న చోటల్లా కొట్టేసి, ఏ సీసా నిజంగా ఎలా ఉందో లోవమ్మ గారిని అడిగి రాశాను. ఆవిడకి తారీకులతో సహా గుర్తుంది. కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆవిడది, రెండోది దుర్గాంబ గారిది. పోర్చుగల్ ఒక వాక్యం చేశాను.

ఒక ముఖ్యమైన సంగతి ఫిబ్రవరి ఒకటో తారీకునే తెలిసేదని, తెలిసినవాళ్ళని మాట్లాడనివ్వకపోవడం వల్ల తెలియలేదని 'లోపాలు' అనే భాగంలో రాశాను. ఇంగ్లీషులో ఆ వాక్యం చాలా మర్యాదగా వచ్చింది. ఇక్కడ మర్యాద అక్కర్లేదు: నేను వినలేదు.

మారుతి చేస్తున్న రాజు టోపీ నమూనా వచ్చింది. మూతకి సరిగ్గా సరిపోయింది. ఫోనులో చెప్పిన కొలతే. తప్పు వినబడలేదు.

ఫిబ్రవరి 23

రేపు ఏటికొప్పాక వెళ్తున్నాను.

పనేమీ లేదు.